హెచ్చరికను చదివే విద్య

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటరును ఉపయోగించడం ఈనాడు అందరికీ అలవాటైన పని. అది మనకు చెప్పే మాటలను శ్రద్ధగా చదవడం మాత్రం కొందరికే అలవాటు. పాత కంప్యూటర్లకు అనువైన తేలికపాటి లినక్స్ వ్యవస్థను కొత్త కూర్పునకు మార్చేటప్పుడు తెరపై కనిపించే హెచ్చరికల స్వభావాన్ని తెలిపి, వాటిలో వేటిని దాటిపోవచ్చునో, వేటి దగ్గర ఆగి తీరాలో నిర్ణయించుకొనే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రస్తావన

‘నాయనా పులి’ కథ మనకందరికీ తెలిసిందే. పులి రాకుండానే వచ్చిందని కేకలు వేసిన పిల్లవాణ్ణి, నిజంగా పులి వచ్చిన నాడు ఎవరూ నమ్మలేదు. ఆ కథ విన్నప్పుడల్లా మనం పిల్లవాడి అబద్ధాన్నే తప్పుపడతాం. అయితే కథలో రెండవ నీతి కూడా ఉన్నది. ఉత్త కేకలను పదేపదే విన్న చెవి, నిజమైన కేకను కూడా ఉత్తదిగానే వింటుంది. కంప్యూటరు తెరపై కనిపించే హెచ్చరికల విషయంలో మన పరిస్థితి అచ్చంగా ఇదే. పది హెచ్చరికలు వచ్చి ఏ ఆపదా కలగకపోతే, పదకొండవ దానిని చదవకుండానే ‘సరే’ అని నొక్కేస్తాం. ఆ పదకొండవదే పులి కావచ్చు.

ఒక జూనియర్ కళాశాల గ్రంథాలయంలో పదిహేనేళ్లనాటి కంప్యూటరు ఒకటి ఉన్నదనుకొందాం. దాని మెమరీ 2 గిగాబైట్లు మాత్రమే. గ్రంథాలయంలోని పుస్తకాల జాబితా, ఏ విద్యార్థి ఏ పుస్తకాన్ని ఎప్పుడు తీసుకొన్నాడన్న వివరాలు అన్నీ అందులోనే ఉన్నాయి. బరువైన ఆపరేటింగ్ సిస్టమ్‌లను అది మోయలేదు. అందువల్ల దానిలో డెబియన్ లినక్స్ 12వ కూర్పును, ఎల్ఎక్స్‌డీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌ను ఉంచారు. ఇప్పుడు దానిని 13వ కూర్పునకు మార్చవలసి వచ్చింది. ఆ బాధ్యతను కంప్యూటరు తెలిసిన ఒక విద్యార్థికి అప్పగించారు. అతడు చేయబోయే పనిలో అతని వెంట మనమూ నడుద్దాం.

తేలికపాటి వ్యవస్థ

ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్‌ను లోకానికి పరిచయం చేశాడు. కెర్నల్ అంటే యంత్రభాగాలకు, మనం వాడే ప్రోగ్రాములకు నడుమ వారధిగా పనిచేసే మూల భాగం. దానికి కావలసిన ఇతర ప్రోగ్రాములను చేర్చి, ఒక సంపూర్ణ వ్యవస్థగా కూర్చి పంచే పనిని వివిధ బృందాలు చేపట్టాయి. 1993 ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ వాటిలో ప్రాచీనమైనది, ప్రసిద్ధమైనది. తన పేరును, డెబ్రా అనే తన స్నేహితురాలి పేరును కలిపి ఆయన ఆ పేరు పెట్టాడు. లోకమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు దీనిని నిర్మిస్తారు. వారి వార్షిక సమావేశం 2023లో మన దేశంలోని కొచ్చి నగరంలో జరిగింది.

లినక్స్ వ్యవస్థను అవసరాన్ని బట్టి బరువుగానో, తేలికగానో కూర్చుకోవచ్చు. హంగులు తక్కువగా ఉండి, తక్కువ మెమరీతో సరిపెట్టుకొనే ఎల్ఎక్స్‌డీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి డెస్క్‌టాప్‌లను ఎంచుకొంటే పాత యంత్రం కూడా పనికివస్తుంది. మూలపడవలసిన కంప్యూటరు మరికొన్నేళ్లు సేవ చేస్తుంది. పేద పాఠశాలకు, చిన్న గ్రంథాలయానికి ఇది చిన్న మేలు కాదు.

ప్యాకేజీ అనగానేమి?

లినక్స్‌లో ప్రతి ప్రోగ్రామూ ఒక మూటగా కట్టి ఉంటుంది. దానినే ప్యాకేజీ అంటారు. మూటలో ప్రోగ్రాముతో పాటు ఒక చీటీ కూడా ఉంటుంది. ఇది ఏ కూర్పు, దీనికి తోడుగా ఏ ఇతర ప్యాకేజీలు ఉండాలి, దేనితో దీనికి పొత్తు కుదరదు అనే వివరాలు ఆ చీటీలో రాసి ఉంటాయి. ఒక ప్యాకేజీ మరొక దానిపై ఆధారపడటాన్ని ‘ఆధారత’ అందాం. పెళ్లివంటలో పులిహోరకు చింతపండు, చింతపండుకు కొట్టు, కొట్టుకు బండి కావలసినట్లు, ఒక చిన్న ప్రోగ్రాము వెనుక పదుల కొలది ప్యాకేజీలు వరుసగా నిలిచి ఉంటాయి.

ఈ మూటలన్నీ ఇంటర్నెట్‌లోని భాండాగారాలలో ఉంటాయి. డెబియన్‌లో మూటను విప్పి అమర్చే పనిని డీపీకేజీ అనే ఉపకరణం చేస్తుంది. ఏ మూటకు ఏవి తోడు కావాలో లెక్కకట్టి, భాండాగారం నుండి తెచ్చి డీపీకేజీకి అందించే పనిని ఆప్ట్ అనే ఉపకరణం చేస్తుంది. ఆప్ట్ 1999లో డెబియన్ 2.1తో పాటు వాడుకలోకి వచ్చింది. మనకు కనిపించే హెచ్చరికలలో అధిక భాగం ఈ ఇద్దరు పనివాళ్లు చెప్పేవే.

ఇక్కడ రెండు మాటల భేదాన్ని గుర్తించాలి. ‘అప్‌డేట్’ అనే ఆదేశం భాండాగారంలోని సరుకుల పట్టికను మాత్రమే తాజాగా తెస్తుంది. ‘అప్‌గ్రేడ్’ అనే ఆదేశం సరుకును తెచ్చి అమరుస్తుంది. పట్టిక తాజాగా లేకుండా సరుకు కొనబోవడం అవివేకం. అందుకే మొదటిది ఎప్పుడూ ముందు, రెండవది తరువాత.

ప్రయాణానికి ముందు

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. మన విద్యార్థి మొట్టమొదట పుస్తకాల జాబితాను, ముఖ్యమైన ఫైళ్లను, సిస్టమ్ అమరికలు ఉండే ‘ఈటీసీ’ అనే డైరెక్టరీని వేరొక డిస్కులోకి నకలు తీయాలి. ఆ నకలు నిజంగా తెరుచుకొంటున్నదో లేదో కూడా చూడాలి. తెరిచి చూడని నకలును నమ్ముకోరాదు.

రెండవది స్థలం. పాత యంత్రాలలో డిస్కు చిన్నది. అప్‌గ్రేడుకు ముందు ఎంత డౌన్‌లోడు చేయాలో, పని ముగిసేసరికి ఎంత స్థలం నిండుతుందో ఆప్ట్ ముందే చెబుతుంది. ఆ వాక్యాన్ని చదవకుండా ముందుకు సాగితే, మూటలు విప్పుతుండగా నడిమధ్యలో డిస్కు నిండిపోయి పని ఆగుతుంది. పూర్వం డౌన్‌లోడు చేసి మిగిలిపోయిన మూటలను ‘ఆప్ట్ క్లీన్’ అనే ఆదేశంతో తొలగిస్తే కొంత చోటు కలిసివస్తుంది.

మూడవది విద్యుత్తు. అప్‌గ్రేడు సగంలో ఉండగా కరెంటు పోతే వ్యవస్థ త్రిశంకు స్వర్గంలో నిలిచిపోతుంది. యూపీఎస్ లేని చోట, కరెంటు కోత లేని వేళను ఎంచుకోవాలి.

నాలుగవది పాత బాకీలు. మునుపు సగంలో ఆగిన ప్యాకేజీలు ఏమైనా ఉన్నాయా అని ‘డీపీకేజీ ఆడిట్’ ఆదేశంతో తెలుసుకోవచ్చు. మనమే ఎప్పుడో ‘దీనిని మార్చవద్దు’ అని పట్టి ఉంచిన ప్యాకేజీల జాబితాను ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ ఆదేశం చూపుతుంది. డెబియన్‌కు చెందని ఇతర భాండాగారాలను జతచేసి ఉంటే, వాటిని తాత్కాలికంగా పక్కన పెట్టడం మంచిది. పాత ఇంటిలోని చిక్కులను తీర్చకుండా కొత్త ఇంటికి పోతే, ఆ చిక్కులు కూడా సామానుతో పాటే వస్తాయి.

మూడు అక్షరాలు

ఆప్ట్ చెప్పే మాటలకు ముందు సాధారణంగా ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ‘ఎన్’ అని ఉంటే అది సూచన. ‘డబ్ల్యూ’ అని ఉంటే హెచ్చరిక. ‘ఇ’ అని ఉంటే దోషం. సూచన కేవలం సమాచారం. హెచ్చరిక వచ్చినా పని సాగుతుంది, కాని దాని కారణాన్ని తెలుసుకోవాలి. దోషం వస్తే ఆ పని జరగలేదని అర్థం. సందేశమంతా అర్థం కాకపోయినా మొదటి అక్షరాన్ని చూసినంత మాత్రాననే మనం ఏ మేరకు జాగ్రత్తపడాలో తెలుస్తుంది. దోషాలు వరుసగా ఇరవై వచ్చినప్పుడు చివరి దానిని పట్టుకొని వేలాడరాదు. చాలా సందర్భాలలో మొదటి దోషమే అసలుది, మిగిలినవి దాని పిల్లలు.

తరచుగా ఎదురయ్యే సందేశాలు

మన విద్యార్థి డెబియన్ మూలాల జాబితాలో ‘బుక్‌వార్మ్’ అని ఉన్న చోటనల్లా ‘ట్రిక్సీ’ అని మార్చాడు. డెబియన్ కూర్పులకు ‘టాయ్ స్టోరీ’ చలనచిత్రాలలోని పాత్రల పేర్లు పెడతారు. 2023 జూన్ 10న వెలువడిన 12వ కూర్పు బుక్‌వార్మ్. 2025 ఆగస్టు 9న వెలువడిన 13వ కూర్పు ట్రిక్సీ. తరువాత అతడు పట్టికను తాజా చేయబోయాడు. అప్పుడు ఒక్కొక్కటిగా సందేశాలు ఎదురయ్యాయి.

మొదటిది: ‘విడుదల పత్రం ఇంకా చెల్లుబాటులోకి రాలేదు.’ దీనిని చూసి భాండాగారం చెడిపోయిందని అతడు అనుకొన్నాడు. కాని దోషం భాండాగారానిది కాదు, గడియారానిది. పాత కంప్యూటర్ల మదర్‌బోర్డుపై నాణెం ఆకారంలో ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసినప్పుడల్లా గడియారం పాత తేదీకి పోతుంది. కంప్యూటరు లెక్కలో నేటి పత్రం భవిష్యత్తులో రాసినట్లు కనిపిస్తుంది. అటువంటి పత్రాన్ని అది నమ్మదు. తేదీని సరిచేయగానే సందేశం మాయమైంది. చవకైన ఒక బ్యాటరీ కోసం ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ వేయబోయేవారు లేకపోలేదు.

రెండవది: ‘సంతకాన్ని సరిచూడటానికి బహిరంగ తాళంచెవి అందుబాటులో లేదు.’ భాండాగారం తన పట్టికపై సాంకేతిక పద్ధతిలో సంతకం చేస్తుంది. ఆ సంతకం నిజమైనదో కాదో సరిచూసే తాళంచెవులు మన కంప్యూటరులో ఉంటాయి. సంతకం సరిపోకపోతే ఆ మూట ఎవరిదో చెప్పలేమని అర్థం. కొందరు ఈ హెచ్చరికను వదిలించుకోవడానికి సరిచూడటాన్నే ఆపివేసే మార్గాన్ని వెతుకుతారు. అది వాకిట్లో కుక్క మొరుగుతున్నదని దానిని కట్టివేసి, దొంగకు తలుపు తీసినట్లు. డెబియన్ తాళంచెవులు ఉండే ప్యాకేజీని ముందుగా తాజా చేసుకోవడం, ఇతర భాండాగారమైతే దాని యజమానుల అధికారిక స్థానం నుండే తాళంచెవిని పొందడం సరైన మార్గం.

మూడవది: ‘ఈ క్రింది ప్యాకేజీలను వెనుక ఉంచడమైనది.’ ఇది దోషం కాదు. ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ అనే ఆదేశం సాధువు. అది ఉన్న ప్యాకేజీలను కొత్త కూర్పునకు మారుస్తుందే గాని, దేనినీ తొలగించదు. ఒకదానిని మార్చాలంటే మరొక దానిని తీసివేయవలసి వస్తే, ఆ రెండింటినీ అలాగే వదిలివేస్తుంది. వెనుక ఉండిపోయిన వాటిని ‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’ ఆదేశం ముందుకు తెస్తుంది. అది తొలగించడానికి కూడా వెనుకాడదు. ఒక కూర్పు నుండి మరొక కూర్పునకు పోయేటప్పుడు ముందుగా కొత్త ప్యాకేజీలను చేర్చకుండా సాధారణ అప్‌గ్రేడును, ఆ తరువాత ఫుల్-అప్‌గ్రేడును నడపడం డెబియన్ వారు చెప్పే క్రమం. పెద్ద మార్పును రెండు మెట్లలో చేస్తే, ఏ మెట్టుపై కాలు జారిందో తెలుస్తుంది. ఉబుంటు వంటి వ్యవస్థలలో కొత్త కూర్పులను దశలవారీగా పంచుతారు. కాబట్టి అక్కడ కొన్ని ప్యాకేజీలు కొద్ది రోజులు వెనుక ఉండటం సహజం.

నాలుగవది: ‘అమరిక ఫైలు మార్చబడి ఉన్నది. ఏమి చేయమంటారు?’ గ్రంథాలయంలోని ప్రింటరు కోసం ఎవరో ఒక అమరిక ఫైలులో నాలుగు వరుసలు చేర్చారు. కొత్త ప్యాకేజీ తనదైన కొత్త ఫైలును తెచ్చింది. మనిషి రాసిన దానిని అడగకుండా చెరపరాదన్న నియమం వల్ల డీపీకేజీ ఆగి అడుగుతుంది. ‘వై’ నొక్కితే కొత్తది వస్తుంది. ‘ఎన్’ నొక్కితే మనది నిలుస్తుంది. ‘డి’ నొక్కితే రెండింటి మధ్య భేదం తెరపై కనిపిస్తుంది. ఏమీ టైపు చేయకుండా ఎంటర్ నొక్కితే మనదే నిలుస్తుంది. తెలివైనవాడు మొదట ‘డి’ నొక్కి చూస్తాడు. ఏది ఎంచుకొన్నా రెండవది నశించదు. మనదానిని ఉంచుకొంటే కొత్తది ‘డీపీకేజీ-డిస్ట్’ అనే తోకతో, కొత్తదానిని తీసుకొంటే మనది ‘డీపీకేజీ-ఓల్డ్’ అనే తోకతో పక్కనే భద్రంగా ఉంటాయి. పని ముగిశాక తీరికగా పోల్చి చూసుకోవచ్చు.

అయిదవది: ‘ఫర్మ్‌వేర్ లోపించి ఉండవచ్చు.’ ఫర్మ్‌వేర్ అంటే వైఫై కార్డు, గ్రాఫిక్స్ చిప్ వంటి భాగాల లోపల నడిచే చిన్న ప్రోగ్రాము. ఒక డ్రైవరు అనేక నమూనాల చిప్‌లను నడపగలదు. వాటన్నింటికీ కావలసిన ఫర్మ్‌వేర్ ఫైళ్లలో ఏది లేకపోయినా ఈ సందేశం వస్తుంది. లేని ఆ ఫైలు మన యంత్రంలో లేని చిప్‌కు సంబంధించినదైతే బెంగ అక్కరలేదు. మన కార్డు పేరే అందులో ఉంటే మాత్రం పట్టించుకోవాలి. 2022లో జరిగిన ఓటింగును అనుసరించి, డెబియన్ వారు స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌కు 12వ కూర్పు నుండి ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచారు. పాత జాబితాలో ఆ విభాగం పేరు చేర్చనివారికి ఫర్మ్‌వేర్ కొత్త కూర్పులు అందవు. వైఫై ఆగిపోయాక ఆ ప్యాకేజీని తెచ్చుకోవడానికి వైఫై లేకపోవడం ఎంతటి ఇరకాటమో ఊహించుకోండి.

ఆరవది: ‘పాత డైరెక్టరీని తొలగించలేకపోయాను, అది ఖాళీగా లేదు.’ ప్యాకేజీ తాను పెట్టిన ఫైళ్లను తీసివేసింది. ఆ డైరెక్టరీలో మరెవరో పెట్టిన ఫైలు ఉన్నది. దానిని చెరపడానికి తనకు హక్కు లేదని డీపీకేజీ చెబుతున్నది. ఇది వినయమే గాని ప్రమాదం కాదు.

ఏడవది: ‘ఈ ప్యాకేజీలు తమంతట తాము వచ్చినవి, ఇక అవసరం లేదు.’ తోడుగా వచ్చిన ప్యాకేజీలు, ఎవరి కోసం వచ్చాయో వారు వెళ్లిపోయాక మిగిలిపోతాయి. వాటిని ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ తుడిచివేస్తుంది. చిన్న డిస్కు గల యంత్రాలలో ఇది ఉపయోగకరం. అయితే ఒక మెలిక ఉన్నది. డెస్క్‌టాప్ అంతటినీ ఒక కట్టగా తెచ్చిన పెద్ద ప్యాకేజీ ఏ కారణం చేతనైనా తొలగిపోతే, దాని వెంట వచ్చిన భాగాలన్నీ ‘అవసరం లేనివి’గా లెక్కకు వస్తాయి. కంప్యూటరు లెక్క తప్పు కాదు, కాని మన అవసరం దానికి తెలియదు. అందువల్ల జాబితా చదివిన తరువాతనే అంగీకరించాలి. మనకు కావలసినవి అందులో ఉంటే ‘ఆప్ట్-మార్క్ మాన్యువల్’ అనే ఆదేశంతో ఇవి మేము కోరి ఉంచుకొన్నవని గుర్తు పెట్టవచ్చు.

ఆగి తీరవలసిన చోటు

పై సందేశాలలో చాలావాటిని అర్థం చేసుకొని దాటవచ్చు. కాని ఒక హెచ్చరిక ఉన్నది, దాని ముందు ఎంతటివాడైనా చేయి వెనక్కి తీసుకోవలసిందే. ‘ఈ క్రింది అత్యవసర ప్యాకేజీలు తొలగించబడతాయి. మీరు చేస్తున్నదేమిటో స్పష్టంగా తెలిస్తే తప్ప ఇలా చేయరాదు’ అన్నదే ఆ హెచ్చరిక.

2021లో ఒక ప్రసిద్ధ సాంకేతిక వీడియో ఛానెల్ నిర్వాహకుడు పాప్ ఓఎస్ అనే లినక్స్ వ్యవస్థలో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రామును వేసుకోబోయాడు. ఆనాటి ప్యాకేజీల కూర్పులో ఒక పొరపాటు ఉన్నది. ఆ ప్రోగ్రామును వేయాలంటే డెస్క్‌టాప్‌నే తీసివేయాలని ఆప్ట్ లెక్కకట్టింది. చిత్రాలతో కూడిన అంగడి ఆ పనికి నిరాకరించింది. అతడు టెర్మినల్‌లో అదే పనికి పూనుకొన్నాడు. ఆప్ట్ పై హెచ్చరికను చూపి, నిజంగా కావాలంటే ‘అవును, నేను చెప్పినట్లు చేయి’ అనే అర్థం గల ఇంగ్లీషు వాక్యాన్ని పూర్తిగా టైపు చేయమన్నది. అతడు టైపు చేశాడు. డెస్క్‌టాప్ మాయమై, నల్లని తెర మిగిలింది.

తప్పు ఎవరిది? ప్యాకేజీలో దోషం ఉన్నమాట నిజం. పొడవైన జాబితా నడుమ ఆ హెచ్చరిక తేలికగా మరుగున పడిందన్నదీ నిజం. ఆ సంఘటన తరువాత అత్యవసర ప్యాకేజీలు అంత సులభంగా తొలగిపోకుండా ఆప్ట్‌ను సవరించారు. అయినా, చివరి వాక్యం టైపు చేసిన చేయి మనిషిదే. పరికరాన్ని నిర్మించేవారు హెచ్చరికను స్పష్టంగా చెప్పాలి. వాడేవారు దానిని చదవాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా ప్రమాదమే.

తొలగింపు జాబితాలో అత్యవసర ప్యాకేజీలు లేకపోయినా, మన డెస్క్‌టాప్ పేరో, నెట్‌వర్కును నడిపే ప్రోగ్రాము పేరో కనిపిస్తే ‘ఎన్’ నొక్కి బయటికి రావాలి. ‘ఎన్’ నొక్కినందువల్ల ఇంతవరకు చెడిపోయిన కంప్యూటరు లేదు.

యంత్రం వయస్సు చెప్పే మాట

తేలికపాటి వ్యవస్థలను వాడేవారికి డెబియన్ 13 ఒక ప్రత్యేక సమస్యను తెచ్చింది. 32 బిట్‌ల పాత పర్సనల్ కంప్యూటర్లకు ఈ కూర్పులో అధికారిక కెర్నల్ గాని, ఇన్‌స్టాలర్ గాని లేవు. అటువంటి యంత్రాలను 12వ కూర్పు నుండి 13కు మార్చవద్దని డెబియన్ వారే స్పష్టం చేశారు. ‘డీపీకేజీ ప్రింట్-ఆర్కిటెక్చర్’ అనే ఆదేశం ఇస్తే మన వ్యవస్థ ఏ రకానిదో తెలుస్తుంది. ‘ఐ386’ అని వస్తే అది 32 బిట్‌ల వ్యవస్థ. ‘ఏఎమ్‌డీ64’ అని వస్తే 64 బిట్‌లది.

ఇక్కడ తొందరపడి యంత్రాన్ని పారవేయరాదు. వ్యవస్థ 32 బిట్‌లదైనంత మాత్రాన ప్రాసెసరు కూడా అటువంటిదే కానక్కరలేదు. 64 బిట్‌ల ప్రాసెసరు గల అనేక కంప్యూటర్లలో, మెమరీ తక్కువగా ఉన్నదని 32 బిట్‌ల వ్యవస్థను వేసినవారున్నారు. ‘ఎల్ఎస్‌సీపీయూ’ అనే ఆదేశం ప్రాసెసరు ఏ రీతులలో పనిచేయగలదో చెబుతుంది. అది 64 బిట్‌లను అంగీకరిస్తే, ఫైళ్లను భద్రపరచి కొత్త వ్యవస్థను మొదటి నుండి వేసుకోవాలి. అంగీకరించకపోతే 12వ కూర్పుతోనే ఉండవచ్చు. దానికి దీర్ఘకాలిక భద్రతా సేవలు 2028 జూన్ వరకు ప్రకటించి ఉన్నాయి. ఆలోగా తరువాతి మార్గాన్ని ఆలోచించుకోవచ్చు. గ్రంథాలయంలోని కంప్యూటరు 64 బిట్‌ల వ్యవస్థే కనుక మన విద్యార్థి ముందుకు సాగాడు.

13వ కూర్పులో మరొక మార్పును కూడా తక్కువ మెమరీ గలవారు తెలుసుకోవాలి. తాత్కాలిక ఫైళ్లు ఉండే ‘టెంప్’ డైరెక్టరీ ఇప్పుడు డిస్కులో గాక మెమరీలో ఉంటుంది. అది మెమరీలో సగం వరకు ఆక్రమించవచ్చు. 2 గిగాబైట్ల యంత్రంలో సగం అంటే ఒక గిగాబైటు. పైగా కంప్యూటరును ఆపగానే అందులోని ఫైళ్లు పోతాయి. అక్కడ ముఖ్యమైనవేవీ దాచుకోరాదు. మెమరీ చాలకపోతే, ఆ ఏర్పాటును నిలిపివేసి మునుపటిలా డిస్కునే వాడుకొనే అవకాశం ఉన్నది.

నడుమ ఆగిపోతే

ఎంత జాగ్రత్తపడినా కరెంటు పోయిందనుకొందాం. మళ్లీ తెరిచినప్పుడు ఆప్ట్ పని చేయనంటుంది. డీపీకేజీ నడుమ ఆగిపోయిందని, ఫలానా ఆదేశంతో సరిచేయమని చెబుతుంది. ఇది దోష సందేశమే అయినా, మందు చీటీ కూడా అందులోనే ఉన్నది. చెప్పిన ఆదేశాన్ని ఇస్తే సగంలో ఉన్న ప్యాకేజీల అమరిక పూర్తవుతుంది. ఆధారతలు తెగిపోయి ఉంటే ‘ఆప్ట్ ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ అనే ఆదేశం వాటిని అతుకుతుంది. అయితే అదీ కొన్నింటిని తొలగించమనవచ్చు. అక్కడా జాబితా చదవవలసిందే.

జరిగినదంతా తరువాత చదువుకోవడానికి ఆప్ట్ తన దినచర్యను తానే రాసుకొంటుంది. ఏ రోజు ఏ ప్యాకేజీ వచ్చింది, ఏది పోయింది, తెరపై ఏ మాటలు కనిపించాయి అనే వివరాలు ‘వార్’ డైరెక్టరీలోని ‘లాగ్’ భాగంలో, ‘ఆప్ట్’ అనే పేరుతో ఉంటాయి. ఎవరినైనా సహాయం అడిగేటప్పుడు ‘ఏదో ఎర్రర్ వచ్చింది’ అనడం కంటె, ఆ దినచర్యలోని మాటలను ఉన్నవున్నట్లుగా చూపడం మేలు. రోగి లక్షణాలు చెప్పకుండా వైద్యుడు చికిత్స చేయలేడు కదా!

ఉపసంహారం

మన విద్యార్థి ఆ సాయంత్రానికి పని ముగించాడు. అతడు చేసినదంతా ఆజ్ఞలు టైపు చేయడం కాదు. గడియారం తేదీ సరిచేశాడు. ప్రింటరు అమరికను కాపాడాడు. ఆటోరిమూవ్ జాబితాలో తెలుగు టైపింగుకు అవసరమైన ప్యాకేజీ ఒకటి కనిపిస్తే దానిని కావలసిన వాటిలో చేర్చాడు. చదవకుండా ‘వై’ నొక్కి ఉంటే, మరునాడు పుస్తకాల పేర్లు తెలుగులో రాయవలసిన వేళకు ఆ సౌకర్యం ఉండేది కాదు. పుస్తకాల జాబితా తెరిచి, చివరి పుస్తకం వరకు అన్నీ ఉన్నాయని నిర్ధారించుకొన్న తరువాతనే అతడు పాత నకలున్న డిస్కును బీరువాలో పెట్టాడు. దానిని మాత్రం చెరపలేదు.

హెచ్చరికలన్నింటికీ భయపడేవాడు ఏ పనీ మొదలుపెట్టలేడు. దేనికీ భయపడనివాడు పనిని పాడుచేస్తాడు. ఏది చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు, నేను అంగీకరిస్తే ఏమి జరుగుతుంది అనే మూడు ప్రశ్నలు వేసుకొని చదివేవాడు రెండు చిక్కుల నుండీ బయటపడతాడు. ఈ అలవాటు కంప్యూటరుకే పరిమితం కాదు. బ్యాంకులో సంతకం పెట్టే కాగితానికి, మందు సీసాపై అతికించిన చీటీకి, పరీక్ష హాలులో చేతికందిన ప్రశ్నపత్రానికి కూడా అది వర్తిస్తుంది. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట యంత్రయుగంలోనూ పాతబడలేదు.

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అప్‌గ్రేడుకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. తరచుగా ఎదురయ్యే సందేశాలలో ఏవి నిరపాయకరమైనవి? ఏవి కావు? కారణాలతో చర్చించండి.

ఆ. క్రింది ప్రశ్నలకు అయిదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘అప్‌డేట్’, ‘అప్‌గ్రేడ్’ ఆదేశాల మధ్య భేదమేమిటి?
2. అమరిక ఫైలు మారినప్పుడు డీపీకేజీ మనలను ఎందుకు అడుగుతుంది?
3. 2021 నాటి సంఘటనలో తప్పు ఎవరిదని మీరు భావిస్తున్నారు? ఎందుకు?

ఇ. మీ నిత్యజీవితంలో చదవకుండా దాటిపోయిన ఒక హెచ్చరికను గుర్తు తెచ్చుకొని, దానివల్ల కలిగిన ఫలితాన్ని ఒక పేరాలో రాయండి.